లైవ్ లొకేషన్ గారికి మూలాపేట నుంచి విన్నపం

మహారాజశ్రీ లైవ్ లొకేషన్ గారికి,

నెల్లూరు మూలాపేట నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా చెల్లెలి క్షేమం చెప్పే పని మీకే అప్పజెప్పాం కనుక ఆ సంగతి మిమ్మల్నే అడగాలి.

మొన్న ఆదివారం అది ఇంగ్లండులో, బ్రిస్టల్‌లో రైలెక్కి వెస్టన్ సూపర్ మేర్ అనే ఊళ్ళో బీచ్ చూడ్డానికి ఒక్కతే బయల్దేరింది. ఇంతా చేసి అరగంట ప్రయాణం, మాకు మైపాడు బీచ్ ఎంతో దానికి అదంత. కానీ మా ఇంట్లో బీచ్ అంటే రెండు ఆటోల జనం, క్యారియర్ల నిండా పులిహోర, తడవనని ఒట్టేసి మోకాళ్ళదాకా తడిసే అత్త. ఒక మనిషి ఒంటరిగా ఇసకలో నడిచి ఇంటికి రావడాన్ని మావాళ్ళు బీచ్ కింద లెక్కెయ్యరు, మనసు బాగాలేకపోవడం కింద లెక్కేస్తారు. అందుకే మిమ్మల్ని జామీను అడిగారు. వాట్సాప్‌లో మీ దగ్గర 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలున్నాయట. అమ్మ బేరమాడకుండా 8 గంటలు పెట్టించింది.

అక్కడ ఉదయం పది, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. అన్నం తిని కునుకు తియ్యాల్సిన నాయన ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి ముందు కూర్చున్నాడు. చెల్లెలి ప్రొఫైల్ ఫొటో ఎవరి పెళ్ళిలోనో పట్టుచీరలో దిగింది. ఆ గుండ్రటి పట్టుచీర బొమ్మ పట్టాల మీద జరిగింది, స్టేషన్లో ఆగింది, రెండు వీధులు దాటింది. అక్కడిదాకా మీ పనికి వంక పెట్టను. ఆ తర్వాత నేరుగా నీలం రంగులోకి దిగిపోయింది.

"ఏందే ఇది? నీళ్ళల్లో ఉండాదే!" అన్నాడు నాయన. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే సముద్రం కూడా పెద్దదయింది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "అక్కా, సముద్రం కనపడట్లా. ఎక్కడికో వెనక్కి పోయింది. భలే ఉంది!"

ఇంగ్లండులో అది సరదా కబురే కావచ్చు. 2004 డిసెంబర్ 26ని చూసిన నెల్లూరు జిల్లాలో సముద్రం వెనక్కి పోయిందంటే ఎవరూ భలే అనరు. చెప్పులు వదిలేసి పరిగెత్తమంటారు. అమ్మ దేవుడి గదిలోకి పోయింది. పక్కవీధి నుంచి అత్త వచ్చేసింది. ఇలాంటి వార్తలు ఆమెకి మీకంటే ముందే అందుతాయి లెండి.

నేనే కూర్చుని చదివి వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. మైపాడులో ఆటుకీ పోటుకీ తేడా మీటరు అటూ ఇటూ. ఆ ఊరి ముందున్న బ్రిస్టల్ ఛానెల్ అనే సముద్రంలో ఆ తేడా పెద్ద పోటు రోజుల్లో 14 మీటర్ల దాకా వస్తుంది. ఒడ్డు చదునుగా ఉండటంతో ఆటు సమయానికి నీళ్ళు మైలు పైన లోపలికి పోతాయి, ఆరేడు గంటల్లో మళ్ళీ వచ్చేస్తాయి. పిల్ల పొడి ఇసకలోనే నడుస్తోంది. మీ మ్యాపుకి మాత్రం రోజంతా ఒకటే నీలం. అసలు అక్కడ భయపడాల్సింది బురదకి. నీళ్ళు పోయినచోట ఇంకా లోపలికి నడిస్తే కాళ్ళు దిగబడి ఇరుక్కుపోతారని బోర్డులు పెట్టారు. అది మీకు తెలీదు. లేని నీళ్ళు చూపించి మమ్మల్ని ఏడిపించారు, ఉన్న బురద గురించి నోరు మెదపలేదు.

అంతటితో అయిందా? తర్వాత బొమ్మ గంటసేపు కదల్లేదు. ఆ గంటలో మా ఇంట్లో దాని ఫోన్ పోయింది, తర్వాత పర్సు పోయింది, ఆ తర్వాత స్పృహ కూడా పోయింది. చివరికి అది ఫోనెత్తితే తెలిసింది, గట్టు మీద చిప్స్ తింటూ కూర్చుందట.

"ఎవురితో?"

"ఎవరితోనూ కాదమ్మా. ఊరికే."

ఆ "ఊరికే" మా అమ్మకి ఇంకా జీర్ణం కాలేదు. 1904లో కట్టి, 2008లో కాలిపోయి, 2010లో మళ్ళీ తెరిచిన పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన) గురించి చెల్లెలు ఎంతో ముచ్చటగా చెప్పింది, ఎవరూ వినలేదు. 1886 నుంచీ ఆ ఇసకలో పిల్లలు గాడిదల మీద సవారీ చేస్తున్నారని చెప్పగానే మాత్రం అత్త అందుకుంది: "అంత ఖర్చు పెట్టుకోని పొయ్యి గాడిదలెక్కిందంటనా?" చూసిందే గాని ఎక్కలేదని ఎంత చెప్పినా, మూలాపేట మొత్తానికి అది ఎక్కినట్టే.

కాబట్టి అయ్యా, నాది ఒకటే మనవి. మనిషి కదలకపోతే బొమ్మ కింద ఒక్క ముక్క రాయండి: "ఊరికే కూర్చుంది, మీరు గమ్మునుండండి" అని. తెలుగులోనే రాయండి, నాయనకి చత్వారం, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి.

రాత్రి పదిన్నరకి మీ గడువు తీరింది. చెల్లెలు అప్పటికే ఇల్లు చేరి స్నానం చేసి పడుకుంది. "ఇంకో ఎనిమిది గంటలు పెట్టమను, ఏం పోయింది" అన్నాడు నాయన.

వచ్చే వారం నేను ఒక్కదాన్నే కోడూరు బీచ్‌కి పోతున్నా. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి మరీ పోతున్నా, మా వంటింట్లో.

ఇట్లు,
పట్టుచీర బొమ్మకి అక్క