హంతకుడికి రెండు రేషన్ కార్డులు

మాయలూ మంత్రాలూ కలిపి అల్లే దొంగల నవలల్లో ఒక హంతకుడు తప్పక ఉంటాడు. కూడు పెట్టిన ముఠానే మోసం చేస్తాడు, ముఠా అతని తలకు వెల కడుతుంది, ఊరూరా కత్తులు అతని కోసం గాలిస్తుంటాయి. ఇంతవరకు మనకు అభ్యంతరం లేదు. చంపడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఆమాత్రం కష్టాలు న్యాయమే. భుజాన కూర్చుని వెటకారాలాడే రెక్కల బల్లిని కూడా భరిస్తాం. కానీ సగం పుస్తకమయ్యేసరికి అతగాడు రాత్రికి రాత్రి ఏదో నది దాటి, పక్క రాజ్యంలో అడుగుపెట్టి, "హమ్మయ్య" అంటాడు చూడండి, అక్కడే ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లా తెలుగు పాఠకుడికి ఒళ్లు మండుతుంది.

హద్దు దాటితే హమ్మయ్యా? ఈ రచయితలెవరూ సరిహద్దు పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్న పాపాన పోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జనం ఏ నదీ దాటకుండానే, పక్క మీంచి లేవకుండానే రాష్ట్రం మారిపోయారు. ఆ ఏర్పాటు సహించలేక ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయిన గిడుగు రామమూర్తి గారి వెనుక ఏ ముఠా పడలేదు. గ్రాంథికం గొంతు కోస్తున్నాడని పండితులకు కోపమే తప్ప, వాళ్ల దగ్గర కత్తులు లేవు.

ఆ హంతకుణ్ణి ఒక్కసారి కొటియా పంపండి. ఇటు ఒడిశాలో మా పొట్టంగి, అటు ఆంధ్రాలో సాలూరు, నడుమ కొండల మీద రెండు రాష్ట్రాలూ నాదంటే నాదనే 21 గ్రామాలు. నల్ల ముసుగు వేసుకుని అర్ధరాత్రి చేరతాడు. తెల్లవారుతుంది. ముఠా రాదు, ఒడిశా అధికారి వస్తాడు. "మీరు మా మనిషి" అంటూ చేతిలో రేషన్ కార్డు పెడతాడు. అరగంటలో ఆంధ్రా అధికారి ఆయాసపడుతూ కొండెక్కుతాడు. "బాబూ, మీరు అనాదిగా మావారు." తాను వచ్చింది నిన్న రాత్రేనని హంతకుడు మొత్తుకుంటాడు. అనాదిలో నిన్న రాత్రి కూడా కలిసే ఉంటుందని అధికారి ఓర్పుగా వివరిస్తాడు. దొంగ కాగితాల కోసం నవలలో యాభై పుటలు తంటాలు పడినవాడికి ఇక్కడ అసలైనవే రెండు జతలు! మారుపేర్లు చెబితే అవీ ఓటర్ల జాబితాకు ఎక్కుతాయి.

ఇంతలో ముఠా దిగుతుంది. నాయకుడు కత్తి ఎత్తుతాడు. అధికారులిద్దరూ ఒక్క గొంతుతో ఆపుతారు. శవం ఏ రాష్ట్రానిదో తేలకుండా చంపడానికి వీల్లేదు. వ్యవహారం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది, తేల్చాల్సింది పార్లమెంటేనని 2006లో కోర్టు చెప్పింది, అంతవరకు యథాతథ స్థితి. యథాతథ స్థితి అంటే ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండాలి. చెయ్యి నొప్పి పుట్టిన నాయకుణ్ణి కూర్చోబెట్టి అతనికీ రెండు ఓటరు కార్డులు ఇస్తారు. రెక్కల బల్లి ఏ రాష్ట్రపు వన్యప్రాణి అన్న దాని మీద మాత్రం సంయుక్త సర్వే వేయాల్సి వస్తుంది.

కార్డుల సంగతి నేను కల్పించింది కాదు. అక్కడ చాలామంది ఆదివాసీల ఇళ్లలో నిజంగానే రెండు ఓటరు కార్డులూ రెండు రేషన్ కార్డులూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా ఆ ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టింది, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా సుప్రీంకోర్టుకు పరుగెత్తింది. ఎంత చురుకుదనం! ఓటు అనగానే రెండు రాజధానులకూ కాళ్లు వస్తాయి. కొండ కింద ఖనిజాలున్నాయంటే చెవులు కూడా వస్తాయి. కొండ మీద మనిషికి జ్వరమొస్తే మాత్రం ఇద్దరికీ పటం గుర్తొస్తుంది. 1968లో పుట్టిన బిడ్డ ఇవాళ తాత అయ్యాడు, అతని ఊరు ఎవరిదో చెప్పే తీరిక ఒక్క పార్లమెంటుకూ దొరకలేదు. సిగ్గులేని యథాతథ స్థితి ఇది. సరే, హద్దు ఎప్పటికైనా తేల్చుకోండి. ఎన్నికల పెట్టె ఎక్కిన దారిలోనే ఒక వైద్యుణ్ణి ఎక్కించవద్దని ఏ కోర్టు స్టే ఇచ్చింది? ఆ ఉత్తర్వు నంబరు చెప్పండి.