ఆమె ఎందుకు నొక్కీసింది?

ఆర్కే బీచ్‌లో వైఎంసీఏ ఎదురుగా గోడ మీద నలుగురు కుర్రాళ్లు. చేతిలో మురీ మిక్స్‌చర్ పొట్లాలు. గొడవ మాత్రం నాలుగు కాంతి సంవత్సరాల అవతలిది. "అంత చదూకున్నాది, ఒద్దని ఆళ్లే సెప్పినాక ఎందుకు నొక్కీసింది గురూ? లాజిక్ ఏటి?" అని ఒకడు. "డైరెక్టర్‌కి కథ నడవాలి కదరా, అందుకు నొక్కించీసినాడు" అని ఇంకొకడు. పక్కనే కూర్చున్న నాకు నోరు ఊరుకోలేదు గానీ, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లతో ఎందుకులే అని లేచి వచ్చేశాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

వాళ్ల గొడవ 'త్రీ బాడీ ప్రాబ్లమ్' అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ గురించి. అది 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఎనిమిది ఎపిసోడ్లూ చూసినవాళ్లకి కథ చెప్పక్కర్లేదు. చూడనివాళ్లకి ఒక్క ముక్క. చైనాలో ఒక రహస్య రేడియో కేంద్రంలో పనిచేసే యె వెన్‌జియె అనే శాస్త్రవేత్త పంపిన కబురుకి అంతరిక్షం నుంచి జవాబు వస్తుంది. జవాబివ్వొద్దు, ఇస్తే మావాళ్లు మీ భూమి మీదికి వచ్చేస్తారు అని అవతలి లోకంలోని ఒక మంచివాడి హెచ్చరిక. ఆమె చదువుతుంది, ఆలోచిస్తుంది, మీట నొక్కి రమ్మంటుంది. మన కుర్రాళ్ల లెక్కలో ఇది కథకి పడ్డ చిల్లు. నా లెక్కలో ఆ సిరీస్ మొత్తంలో లాజిక్ గట్టిగా నిలబడ్డ చోటు అదొక్కటే.

చిల్లులే కావాలంటే పెద్దవి చూపిస్తాను. కథలో ఆ అవతలి లోకం, నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో మూడు సూర్యుళ్ల మధ్య నలిగిపోయే గ్రహం. మనకి నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో మూడు నక్షత్రాలున్న కుటుంబం ఒక్కటే ఉంది, ఆల్ఫా సెంటారీ. అందులో రెండు నక్షత్రాలు ఎనభై ఏళ్లకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ బుద్ధిగా కాపురం చేసుకుంటున్నాయి. మూడోది ప్రాక్సిమా. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 13 వేల రెట్లు అవతల, వేరు కాపురం పెట్టేసిన మరిదిలా ఉంటుంది. కథలో చూపించినట్టు మూడు సూర్యుళ్లు ఎప్పుడు ఎటు లాగుతాయో తెలియక గ్రహం కాలిపోవడం, గడ్డకట్టడం అక్కడ జరిగే పని కాదు. అంటే కథకి పునాదే లేదు. రేడియో కబురును సూర్యుడి మీదికి పంపితే అదే కోట్ల రెట్లు పెంచి విశ్వంలోకి వదిలిపెట్టడం కూడా అంతే. ఒక ప్రోటాన్‌ని విప్పి దాని మీద కంప్యూటర్ చెక్కడం సంగతి సరేసరి. వీటిలో ఒక్కటి కూడా ఆ గోడ మీద చర్చకి రాలేదు. సూర్యుడు యాంప్లిఫయర్ అంటే నమ్మిన కుర్రాళ్లకి, ఒక మనిషి విసిగిపోయి మీట నొక్కిందంటే నమ్మకం కుదరడం లేదు.

అవతలి వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కథ తాను పెట్టుకున్న కట్టుబాటును తానే దాటకూడదు, సైన్స్ తప్పయినా ఫరవాలేదు అంటారు. ఒప్పుకుంటాను. సోఫాన్లు, అంటే అవతలివాళ్లు మన మీదికి పంపిన ఆ ప్రోటాన్ కంప్యూటర్లు, కంటి ముందు అంకెలు ఆడించగలిగినప్పుడు, తమకి అడ్డొచ్చే నలుగురైదుగురిని నిద్ర లేకుండా చేసి పిచ్చెక్కించొచ్చుగా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది చిల్లే. కానీ వెన్‌జియెది ఆ బాపతు కాదు.

ఆమె లెక్క ఒకసారి వెయ్యండి. చైనాలో సాంస్కృతిక విప్లవం పేరుతో విద్యార్థులే మేష్టర్ల మీద పడ్డ రోజులవి. తండ్రి ఫిజిక్స్ ప్రొఫెసర్. సాపేక్ష సిద్ధాంతం పాఠం చెప్పినందుకు స్టేజీ ఎక్కించి, పదిమంది చూస్తుండగా కొట్టి చంపారు. కొట్టింది చదువుకునే పిల్లలు. అదే స్టేజీ మీద నిలబడి ఆయన్ని దుమ్మెత్తిపోసింది కట్టుకున్న భార్య, అంటే వెన్‌జియె కన్నతల్లి. తర్వాత శిక్ష కింద అడవిలో చెట్లు నరికే పని. అక్కడ ఒకడు మంచిగా మాట్లాడి చదవకూడని పుస్తకం చేతిలో పెడతాడు. తీరా పీకల మీదికొచ్చాక నేరం ఆమె మీదికి నెట్టేసి తప్పుకుంటాడు. తల్లి, సహచరుడు, విద్యార్థులు, ప్రభుత్వం, నమ్మదగ్గ గడప ఒక్కటీ మిగల్లేదు. ఇలాంటి మనిషికి, మీ జాతిని నాశనం చేస్తాం అనే కబురు హెచ్చరికలా వినిపిస్తుందా? వరంలా వినిపిస్తుంది. వద్దన్న మాటే ఆమె చేత నొక్కించింది.

చదువుకున్నవాళ్లు ఇలా చెయ్యరంటారా? 1974 నవంబర్ 16న ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి 1,679 బిట్ల సందేశం ఎం13 అనే నక్షత్రాల గుంపు వైపు వెళ్లింది. భూమ్మీద ఉన్న మిగతా మనుషులం ఎవరూ ఊ అనలేదు, ఎవరూ మనల్ని అడగలేదు. బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్, సరిగ్గా ఆ ఏడాదే నోబెల్ అందుకున్నాయన, ఇది ప్రమాదం అని మొత్తుకున్నాడు. ఎం13 దాదాపు 25 వేల కాంతి సంవత్సరాల దూరం కాబట్టి మనకేమీ కాలేదు. మీట నొక్కినవాళ్లు సంబరంగా నొక్కారు. వెన్‌జియెకి కనీసం కారణం ఉంది.

అంత దూరం ఎందుకు, మన విశాఖే చాలు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. వాతావరణ శాఖ ముందు నుంచీ చెబుతూనే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఇంజనీరు ఒకాయన పొద్దున్నే కాగితం మీద బొమ్మ గీశారు. ఇది తుపాను కన్ను, ఇది మన మీదుగా పోయేటప్పుడు గాలి ఆగుతుంది, అయిపోయిందనుకుని దిగారో పోతారు, అటు నుంచి మళ్లీ కొడుతుంది అని పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పారు. మధ్యాహ్నం గాలి ఆగింది. మెట్ల మీద మొదట వినబడింది ఆయన చెప్పుల చప్పుడే. విరిగి పడ్డ బాదం చెట్టు కింద స్కూటరు ఉంది మరి. కొమ్మ లాగుతుండగానే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది, వాచ్‌మన్ రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు. ఆయనకి తుపాను గురించి తెలియనిది లేదు. కానీ ఆ క్షణంలో ఆయన చూసింది తుపానును కాదు, స్కూటరును. సిరీస్‌లో ఈ సీను వచ్చి ఉంటే మన కుర్రాళ్లు ఏమనేవాళ్లో తెలుసుగా?

ఇక్కడ నా పాత ఏడుపు ఒకటి ఏడవక తప్పదు. స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, నేవీ ప్రయోగశాల ఉన్న ఊరు మనది. యంత్రం ఎందుకు ఆగిందో చెప్పగలిగేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. మనిషి ఎందుకు తెగించాడో చెప్పమంటే 'ఎమోషనల్ అయిపోయాడు' అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆడమనిషైతే ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది. వెన్‌జియె లాజిక్ ఫిజిక్స్‌లో లేదు, 1966 తర్వాతి చైనా చరిత్రలో ఉంది. ఆ పుస్తకం తెరవకుండా లాజిక్ లేదంటే ఎలా?

మా మేనకోడలు మొదటి ఎపిసోడ్ చూస్తూ ఆ స్టేజీ సీను దగ్గర ఆపేసింది. "ఆ పిల్లలు సార్‌ని ఎందుకు కొడుతున్నారు మావయ్యా? వాళ్లమ్మ ఎందుకు అలా తిడుతోంది?" అంది. గోడ మీది కుర్రాళ్లకి రాని ప్రశ్న అది. నాకు తెలిసింది చెప్పాను, దానికి చాల్లేదు. పుస్తకాలు తెచ్చిచ్చాను, అవీ చాల్లేదు. పది పాసయ్యాక ఇంటర్లో హెచ్‌ఈసీ, అంటే చరిత్ర ఉన్న గ్రూపు, చదువుతానంది. నగరంలో పేరున్న ఒక జూనియర్ కాలేజీకి తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఆయన నా వైపు జాలిగా చూసి, గొంతు తగ్గించి, "మార్కులు తక్కువొచ్చాయా సార్?" అన్నారు. అది మెమో తీసి ముందు పెట్టింది. 600కి 572. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు. ఆనక మారుమాట లేకుండా సొరుగులోంచి ఎంపీసీ దరఖాస్తు తీసి, పెన్ను కూడా ఇచ్చారు.