పేరు లేని గోలీలు

కీళ్ల నొప్పులకు ఊళ్లలో పొట్లం కట్టి ఇచ్చే గోలీల మీద వ్యాసం బాగుంది. మా నర్సంపేట వైపు పత్తి ఏరే రోజుల్లో నడుము నొప్పికి చాలామంది ఆడవాళ్లు వాడేది ఇవే. పొట్లం మీద పేరుండదు, తేదీ ఉండదు. రెండు పూటలకే నొప్పి మాయమైతే అందులో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. నెలల తరబడి మింగితే షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. వ్యాసంలో రాయని సంగతి ఒకటుంది. ఇది చదివి టెన్షన్ పడి ఒక్కసారిగా మానేయకండి. బయటి స్టెరాయిడ్‌కు అలవాటుపడి అప్పటికే ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది, గోలీ హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. వరంగల్‌లోని ఎంజీఎం ఆస్పత్రికి పోయినా, ఏ ఆస్పత్రికి పోయినా మిగిలిన గోలీలు పొట్లంతో సహా తీసుకెళ్లి చూపించండి. దయచేసి ఇంట్లో అమ్మకు, అత్తమ్మకు ఈ సంగతి ఇవాళే చెప్పండి.