వడ ఎందుకు చిన్నదైంది?

టిఫిన్ సెంటర్ పెడతానంటే అందరూ ఇచ్చే సలహా ఒకటే: రుచి బాగుండాలి, అడ్డా బాగుండాలి. ఈ రెండూ ఉండి కూడా మూతపడ్డ సెంటర్లు హైదరాబాద్‌లో కొల్లలు. మూతపడ్డాక మాత్రం ‘నడుపుకోవడం చేతకాలేదు’ అంటాం. నడిపేవాడి చేతిలో నిజంగా ఎంత ఉందో లెక్క వేయం.

నూనె సంగతే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ ఆయిల్ రాక అప్పటికే తగ్గింది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పామాయిల్‌కు పెద్ద దిక్కు ఇండోనేషియా. నిషేధాన్ని నెల తిరక్కుండానే, మే 23న ఎత్తేశారు. తమ జనానికి నూనె అందుబాటులో ఉండాలని జకార్తాలో తీసుకున్న నిర్ణయమది, తప్పు పట్టలేం. కాకపోతే ఇక్కడ పునుగుల బండి నడిపే మనిషికి 15 కిలోల డబ్బా రేటు రూపంలో తప్ప ఆ కబురు అందలేదు.

పెద్ద హోటల్ రేటు పెరగబోతోందని వాసన రాగానే సరుకు దించుకుంటుంది, మెనూ కార్డు మార్చేస్తుంది. బండాయన ఇవాళ గల్లాలో పడ్డ డబ్బుతో రేపటి సరుకు తెస్తాడు. ప్లేటు 40 నుంచి 50 చేద్దామంటే పక్క బండిలో ఇంకా 40కే ఇస్తున్నారు. అందుకని పిండి ముద్ద కాస్త చిన్నదవుతుంది. చట్నీలో పల్లీలు తగ్గి పుట్నాలు పెరుగుతాయి, ఆ తర్వాత నీళ్లు పెరుగుతాయి.

“ఏందన్నా, వడ చిన్నగైంది?”

“నూనె రేటు చూసినవా తమ్మీ?”

ముచ్చట అక్కడితో సరి. ఆ తమ్ముడు మర్నాడు రాకపోవచ్చు. ఇంకా కష్టమైతే ప్లేట్లు కడిగే కుర్రాణ్ని మాన్పించి, ఆ పనికి ఇంట్లో ఆడవాళ్లనే తెచ్చుకుంటారు. వాళ్లకు జీతం ఉండదు కాబట్టి వ్యాపారం లాభాల్లో ఉన్నట్టే కనిపిస్తుంది. చిన్న వ్యాపారాలు ‘తట్టుకున్నాయి’ అని మనం మెచ్చుకునేదాంట్లో చాలా భాగం ఇదే.

గ్యాస్‌దీ దాదాపు ఇదే కథ. ఇంటి సిలిండర్ ధర పెంచాలంటే ఏ ప్రభుత్వమైనా ఓట్ల వైపు చూస్తుంది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు ఆ రక్ష లేదు. మామూలుగా ప్రతి నెలా 1న అంతర్జాతీయ రేటును బట్టి ధర మారుతుంది. ఢిల్లీలో 2022 మే 1న అది 2,355 రూపాయలు దాటింది. ఇంటి సిలిండర్‌పై జీఎస్టీ 5 శాతమైతే దీనిపై 18 శాతం. కట్టిన ఆ పన్నును వెనక్కి తెచ్చుకునే వీలు టిఫిన్ సెంటర్‌కు లేదు. కొందరు దొంగచాటుగా ఇంటి సిలిండర్ వాడుతున్నారంటే ఆశ్చర్యమేముంది? అలాంటి బండ్లపై దాడుల వార్త వేసే పేపర్లు ఈ తేడా గురించి కూడా ఒక వాక్యం రాస్తే బాగుండు.

ఇవన్నీ ‘బయటి పరిస్థితులు’ అని సరిపెట్టుకుంటే వానో ఎండో అన్నట్టే ఉంటుంది. వీటిలో చాలావాటికి తేదీ ఉంది, ఉత్తర్వు ఉంది, కింద సంతకమూ ఉంది. 2024 సెప్టెంబర్ 14 నుంచి, సరిగ్గా పండగల ముందు, కేంద్రం ముడి వంటనూనెలపై మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి, రిఫైన్డ్ నూనెలపై 13.75 నుంచి 35.75 శాతానికి పెంచింది. కారణం ఉంది. సోయాబీన్ ధర మద్దతు ధర కంటే కిందికి పడిపోయింది. మన దగ్గర అశ్వారావుపేట, పెదవేగి వైపు ఆయిల్ పామ్ రైతులకూ ఇది మేలే చేసింది, ఎందుకంటే గెలల ధర ముడి పామాయిల్ ధరను బట్టే నడుస్తుంది. రైతుకు న్యాయం చేయొద్దని ఏ బండాయనా అనడు.

ముందే చెబితే దిగుమతిదారులు సరుకు దాచేస్తారు కాబట్టి సుంకం రాత్రికి రాత్రే పెంచాలన్నది కూడా ఒప్పుకోవచ్చు. ఒప్పుకోలేనిది ఆ తర్వాత జరిగింది. పాత సుంకంపై వచ్చిన నూనె సుమారు 30 లక్షల టన్నులు ఉందని, 45 నుంచి 50 రోజులకు సరిపోతుందని, అది అయ్యేదాకా రేట్లు పెంచొద్దని కేంద్రమే కంపెనీలను కోరింది. మార్కెట్లో మాత్రం రేట్లు వెంటనే లేచాయి. పాత రేటుకు దిగిన నూనెను కొత్త రేటుకు కొన్నది ఎవరు? నిల్వ పెట్టుకునే స్తోమత లేనివాళ్లు. 2025 మే 30న ముడి నూనెపై సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించినప్పుడూ అంతే. డబ్బా రేటు దిగడానికి ఎక్కడలేని తీరిక వస్తుంది. ఈలోగా చిన్నదైన వడ మళ్లీ పెద్దదవదు, నష్టపోయిన నెలలు పూడ్చుకోవాలి కదా.

అదుపు చేసే చట్టం లేక కాదు. 2021 అక్టోబర్‌లో ఇదే కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద వంటనూనెల నిల్వలపై పరిమితి పెట్టింది. 2024లో పాత సరుకు ఎంత ఉందో, ఎన్ని రోజులకు వస్తుందో తనే లెక్క చెప్పి కూడా కంపెనీలకు విజ్ఞప్తితో సరిపెట్టింది. ఆ 45 రోజులకైనా పాత రేటే ఉండేలా ఉత్తర్వు ఇచ్చి ఉంటే, టిఫిన్ బండికి దాదాపు దీపావళి వరకూ ఊపిరి అందేది.