రెండంగుళాల మహోన్నతి

“రెండంగుళాలే కదా సార్, బార్‌కి ఏం కాదు.”

ఈ మాట మొదట అన్న మహానుభావుడు ఎవరో దొరికితే శాలువా కప్పి, ఆయన లిఫ్ట్ చేసిన బండి కిందే పడుకోబెట్టి సన్మానం చెయ్యాలని ఉంది. బండిని నేల నుంచి ఇంకాస్త పైకి లేపే లిఫ్ట్ కిట్ వేసే ప్రతిచోటా, బండి ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్ గురించి ఇదే మంత్రం. బిగించేవాడు స్పానర్ తిప్పుతూ అంటాడు, బిగించుకునేవాడు ఫొటోలు తీసుకుంటూ తలూపుతాడు. పొడుగు స్ప్రింగులొచ్చాయి, పొడుగు షాక్ అబ్జార్బర్లొచ్చాయి, కొండల్ని పిండి చేసే టైర్లొచ్చాయి, అద్దం మీదికి స్టిక్కర్ కూడా వచ్చింది. ఆ బార్‌ని చక్రాలకి కలిపే జానెడు లింక్ రాడ్ల జత ఒక్కటే రాలేదు. ఇల్లలకగానే పండగ చేసేసుకున్నారు.

పాపం ఆ యాంటీ రోల్ బార్ ఎవరికేం అపకారం చేసింది? యు ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. నడుము రెండు రబ్బరు బుష్‌లలో ఛాసిస్‌కి, అంటే బండి అస్థిపంజరానికి, కట్టి ఉంటుంది, రెండు చేతులూ చెరో లింక్ రాడ్‌తో చెరో చక్రాన్నీ పట్టుకుని ఉంటాయి. (కొన్ని బండ్లలో నడుము యాక్సిల్ మీద, అంటే చక్రాల ఇరుసు మీద, చేతులు ఛాసిస్‌కి. కథ ఒకటే.) రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, కిమ్మనదు. ఒకటి లేచి రెండోది దిగితే మాత్రం మెలిపడుతుంది. ఆ మెలిని విప్పుకోవాలని అది పడే పంతమే మలుపులో మీ బండిని పక్కకి పడుకోకుండా ఆపేది.

ఇప్పుడు ఛాసిస్ 50 మిల్లీమీటర్లు పైకి వెళ్లింది, దాంతోపాటు బార్ నడుమూ వెళ్లింది. యాక్సిల్ ఉన్నచోటే ఉంది. లింక్ రాడ్ పాత పొడుగే. దాదాపు అడ్డంగా ఉండాల్సిన బార్ చేతులు కిందికి వేలాడతాయి, నిటారుగా ఉండాల్సిన లింకు ఏటవాలుగా సాగుతుంది, దాని చివర బాల్ జాయింట్ తిరగగలిగినంతా తిరిగి ఇంక నావల్ల కాదంటుంది. చక్రం గోతిలోకి పూర్తిగా దిగితే చేయీ లింకూ ఒకే గీతలోకి వస్తాయి. అక్కడ కాస్త అటు మొగ్గిందా, చక్రం పైకి లేచేటప్పుడు లింకు వచ్చిన దారిన రాదు, తిరగబడుతుంది. తిరగబడ్డ బార్ వెళ్లి బ్రేక్ ఆయిల్ గొట్టాన్ని కౌగిలించుకుంటుందో టైరుని రాసుకుంటుందో దాని ఇష్టం. లిఫ్ట్ ఎంతో అంత పొడుగు ఎక్కువున్న లింకులు వేస్తే, లేదా నడుము బ్రాకెట్ల కింద అంత మందం దిమ్మలు పెట్టి బార్‌నే కిందికి దించితే, ఈ రామాయణం లేదు. ఇది రహస్య విద్యేం కాదు. బండి కింద ఒక్కసారి తల పెట్టి చూస్తే కనబడుతుంది. కానీ తల పెట్టి చూస్తే స్టిక్కర్ కనబడదు కదా.

వారం తిరక్కుండా ఆ లింకు దగ్గర ‘టక్’ మొదలవుతుంది. నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. ఓనరు, మెకానిక్, ఓనరు బావమరిది, దారినపోతూ ఆగిన ఇద్దరు సలహాదారులు బండి చుట్టూ కొలువు తీరతారు. బావమరిదిని డిక్కీలో బోర్లా పడుకోబెట్టి, చెవి ఫ్లోర్‌కి ఆనించమంటారు. చప్పుడొచ్చేది ముందు నుంచి, చెవి ఉన్నది వెనక. సరే. బండిని స్పీడ్ బ్రేకర్ మీదికి తిన్నగా, పల్లకీ మోసినంత నెమ్మదిగా ఎక్కిస్తారు. రెండు చక్రాలూ కలిసే లేస్తాయి. బార్ హాయిగా తిరిగి ఊరుకుంటుంది. “రాలేదు బావా!” అని డిక్కీలోంచి కేక. షాకర్ నట్టు పావు తిప్పు బిగించినందువల్లే పోయిందని మెకానిక్ తీర్మానిస్తాడు, సభ చప్పట్లు కొడుతుంది. తిరిగొస్తుంటే ఒక చక్రం గుంతలో పడుతుంది. టక్.

స్టెప్నీ విప్పుతారు. టక్. జాకీని బయట పెడతారు. టక్. బాడీ మౌంట్లన్నీ బిగిస్తారు. టక్. ప్రతిసారీ పరీక్ష మాత్రం అదే స్పీడ్ బ్రేకర్ మీద, అంతే తిన్నగా. చివరికి అనుమానం బావమరిది బెల్టు బకిల్ మీదికి పోతుంది, ఆయన బెల్టు తీసేసి మళ్లీ పడుకుంటాడు. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కిద్దామని అంతమందిలో ఒక్కడికీ తట్టదు. ఆ మాట నేనంటే నాకేసి జాలిగా చూశారు.

అప్పుడు వెలువడుతుంది అంతిమ తీర్పు: “సార్, బార్ పీకేద్దాం.” పీకేస్తారు. టక్ పోతుంది. పోదా మరి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఊడిన నాలుక ఇంక నొప్పెట్టదు. పైగా దీనికో శాస్త్రం కూడా ఉంది. బార్ లేకపోతే చక్రాలు ఎక్కువ దిగుతాయట, రాళ్ల మీద పట్టు బాగుంటుందట. నిజమే. రాళ్ల మీద, నడకంత వేగంలో, నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే జీప్ వాళ్లు 2007 ర్యాంగ్లర్ రూబికాన్‌కి ముందు బార్‌ని విడదీసే బటన్ ఇచ్చారు. వేగం పెరిగిందంటే అది తనంతట తనే మళ్లీ కలుపుకుంటుంది. బార్ అక్కర్లేని వస్తువైతే, దాన్ని మళ్లీ కలపడానికి ఒక మోటారు ఎందుకయ్యా పెట్టినట్టు? వాళ్లకి మన మెకానిక్ ఫోన్ నంబర్ దొరక్కనా?

రాళ్ల దగ్గర లింకు పిన్ను తీసి బార్‌ని వదులు చేసి, రోడ్డెక్కే ముందు మళ్లీ పెట్టుకునేవాడితో నాకు పేచీ లేదు. నా మంటంతా పీకి పారేసి రోడ్డెక్కేవాడి మీద. బండి బరువుని నువ్వే పైకి ఎత్తావు. మలుపులో ఒరిగే గుణం నువ్వే పెంచావు. అంటే బార్ అవసరం ఎన్నడూ లేనంతగా ఉన్న రోజే దాన్ని ఊడబీకావు. సరే, నీ ప్రాణం నీ ఇష్టం. రేపు తాళాలు తమ్ముడికిస్తావు, వాడికి చెప్పావా? ఎనభై స్పీడులో పోతుంటే కుక్క అడ్డొచ్చి వాడు స్టీరింగ్ ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే ఏమవుతుందో వాడికెలా తెలుస్తుంది? వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకి తెలుసా? ఆరు నెలలకి అమ్మేస్తావు, కొన్నవాడికి స్టిక్కర్ చూపిస్తావు, కింద ఏం లేదో చూపిస్తావా? జానెడు ఇనుప రాడ్లు కొనడానికి బద్ధకించి అడుగెత్తు అబద్ధం మోసుకు తిరుగుతున్నావు, సిగ్గులేదూ?

క్షమించాలి, గొంతు కాస్త పెరిగింది.

ఆ సభలో పీకిన బార్ ఇప్పుడు ఓనరుగారి ఇంటి వెనక క్షేమంగా ఉంది. దాన్ని నిలబెట్టి తువ్వాళ్లు ఆరేస్తున్నారు. అంతా బాగానే ఉంది కానీ, ఒకవైపే బరువు పడితే పక్కకి ఒరిగిపోతోందని మొన్న ఆయన నాతో చెప్పుకుని బాధపడ్డాడు.