పరీక్ష ఫలితం ముందు ఎవరికి తెలియాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు బయలుదేరే తెలుగు వెల్డర్లూ ఫిట్టర్లూ తాపీమేస్త్రీలూ ముందుగా ‘మెడికల్’ గట్టెక్కాలి. ఛాతీ ఎక్స్‌రేతో పాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్‌ల కోసం రక్తపరీక్ష చేస్తారు. చివరకు తేలేది ఫిట్ లేదా అన్‌ఫిట్ అన్న ఒక్క మాట. పాస్‌పోర్టు నుంచి ఫోన్ నంబరు దాకా అన్నీ ఏజెంటు చేతిలో పెట్టిన మనిషికి ఆ మాట కూడా ఏజెంటు నోటి నుంచే వినవలసి వస్తుంది. ఖర్చు పెట్టుకున్న ఏజెంటుకు ఫలితం తెలుసుకునే హక్కు లేదా అని అడిగేవారు ఉన్నారు. డబ్బు కట్టినవాడికి దక్కేది రసీదు. ఎదుటివాడి రక్తంలో ఏముందో ఆ రసీదులో భాగం కాదు.

గల్ఫ్ చేరాక, నివాస అనుమతి ఇచ్చే ముందు మళ్లీ పరీక్షిస్తారు. హెచ్‌ఐవీ తేలిన విదేశీ కార్మికుణ్ణి గల్ఫ్ దేశాలు వెనక్కి పంపేస్తాయి. ఈ భయం వల్లనే ఒంట్లో తేడా కనిపించినా ఆసుపత్రి గడప తొక్కడానికి కార్మికుడు జంకుతాడు, ఎందుకంటే అక్కడ చీటీ రాయాలన్నా ఇఖామా (నివాస అనుమతి కార్డు) నంబరు చెప్పాలి. తొలిదశలో ఒక్క పెన్సిలిన్ సూదితో నయమయ్యే సిఫిలిస్ ఈ జంకు వల్లనే ముదురుతుంది, ఇంటికి వచ్చాక భార్యకూ సోకవచ్చు. పైగా, చికిత్సతో వ్యాధి పోయిన తరువాత కూడా సిఫిలిస్‌ కోసం చేసే టీపీహెచ్‌ఏ వంటి రక్తపరీక్షలు చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తాయి. ఈ సంగతిని అభ్యర్థికి వివరించే వైద్యుడూ, చికిత్స పొందినట్టు చూపే కాగితమూ లేకపోతే పాత జబ్బే కొత్త జబ్బుగా లెక్కకు వస్తుంది.

పటిష్ఠమైన వ్యవస్థ ఉన్న దేశాల్లోనూ గోప్యత గట్టిదనుకోవడానికి లేదు. సింగపూర్ హెచ్‌ఐవీ రిజిస్టరు నుంచి 14,200 మంది వివరాలు బయటపడ్డాయని అక్కడి ప్రభుత్వం 2019 జనవరిలో ప్రకటించింది. వారిలో 8,800 మంది విదేశీయులే. ఇంగ్లండు మరో దారి పట్టింది. అక్కడ లైంగిక వ్యాధుల పరీక్ష, చికిత్స వీసాతో నిమిత్తం లేకుండా అందరికీ ఉచితం. 2012 అక్టోబరు నుంచి హెచ్‌ఐవీ చికిత్స కూడా అంతే. పట్టుబడతామన్న భయం లేనిచోట మనుషులు తమంతట తామే పరీక్షకు వస్తారన్న లెక్క ఆ విధానంలో ఉంది. అది సరైన లెక్కేనని మా అభిప్రాయం.

వలస కార్మికులతో సహా ఏ కార్మికుణ్ణీ హెచ్‌ఐవీ పరీక్షకు బలవంతపెట్టరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే 200వ సిఫార్సులో చెప్పింది. గల్ఫ్ పాలకులు దాన్ని పాటించేలా చేయడం గంజాం జిల్లా యంత్రాంగం వల్ల అయ్యే పని కాదు. కానీ తొలి మెడికల్ జరిగేది మన గడ్డ మీద. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమాచారం తెలిపి సమ్మతి తీసుకోకుండా ఈ పరీక్ష చేయరాదు, ముందూ వెనుకా కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఫలితాన్ని అనుమతి లేకుండా వెల్లడించరాదు. ఇంగ్లిషు ఫారం మీద పెట్టించుకున్న సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష) కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. బయటి దేశం వెళ్లాలనుకునేవారు ఏజెంటుకు డబ్బు కట్టక ముందే అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. వ్యాధి సోకిన తొలి వారాల్లో పరీక్షకు అందకపోవచ్చు గనుక మూడు నెలల తరువాత మరోసారి చూపించుకోవడం మేలు. పాజిటివ్ అని తేలినా మందులు ఉచితంగా దొరుకుతాయి, పని చేసుకుంటూ నిండుగా బతకవచ్చు. ఆ కబురు పరాయి దేశంలో, తిరుగు విమానం ఎక్కించే ముందు తెలియడం కన్నా సొంత ఊళ్లో, సొంత భాషలో తెలియడం ఎంతో నయం. సొంత భాష అన్నచోటే మన జిల్లాల్లో చిక్కు. ఇంట్లో తెలుగు మాట్లాడే కూలీ ఇలాంటి విషయాన్ని ఒడియాలో విప్పి చెప్పుకోలేడు. గంజాం, గజపతి, రాయగడ కేంద్రాల్లో తెలుగు వచ్చిన కౌన్సెలర్లను ఒడిశా ప్రభుత్వం నియమించాలి. సమ్మతి పత్రాలను తెలుగులోనూ అచ్చు వేయించాలి. మెడికల్ కేంద్రాలు ఫలితాన్ని సీలు వేసిన కవరులో అభ్యర్థి చేతికే ఇచ్చేలా, ఏజెంటుకు ఇచ్చినవారిపై చట్టప్రకారం చర్య తీసుకునేలా ఉత్తర్వులు వెలువడాలి.