లా డిగ్రీ కన్నా ముందు కావాల్సినవి

అమెరికాలో ప్లాన్డ్ గివింగ్ (వీలునామా, రిటైర్మెంట్ ఖాతాల ద్వారా సేవాసంస్థకు విరాళం ఇచ్చేలా దాతలకు తోడ్పడే పని) ఉద్యోగానికి లా డిగ్రీ తప్పనిసరి అన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. వీలునామా రాయాల్సింది దాత సొంత లాయర్. విరాళం అందుకునే సంస్థ మనిషి రాస్తే, ఒత్తిడి చేసి రాయించారని రేపు వారసులు కోర్టుకెక్కుతారు.

అసలు నైపుణ్యం ఏ ఆస్తి ఎవరికి వెళ్లాలో చూడటంలో ఉంది. ఇల్లు, షేర్లు పిల్లలకు, సాధారణ ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు) ఖాతా సంస్థకు అయితే మేలు. ఆ ఖాతా సొమ్ము మీద పిల్లలైతే ఆదాయపు పన్ను కట్టాలి, సంస్థకు ఆ బెడద లేదు. వీలునామా మార్చక్కర్లేదు, ఖాతా ఉన్న కంపెనీలో నామినీ ఫారం నింపితే చాలు. సంస్థ చట్టబద్ధమైన పేరు, పన్ను గుర్తింపు సంఖ్య మాత్రం అక్షరం పొల్లుపోకూడదు.

70 ఏళ్ల 6 నెలలు దాటినవారు బతికుండగానే ఐఆర్ఏ నుంచి పన్ను లేకుండా ఇవ్వొచ్చు, ఏడాదికి పరిమితి ఉంది. సొమ్ము ముందు దాత చేతికొస్తే అది ఆదాయమైపోతుంది, నేరుగా సంస్థకే వెళ్లాలి. సొంతూరి బడికి ఇద్దామనుకునే తెలుగువాళ్లు ఇక్కడే పొరబడతారు: భారత్‌లోని ట్రస్టుకు నేరుగా పంపితే ఈ వెసులుబాటు వర్తించదు, 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థగా గుర్తింపున్న అమెరికా సంస్థకే ఇవ్వాలి.

కమీషన్ మీద జీతమంటే దయచేసి ఒప్పుకోకండి, ఈ వృత్తి నియమావళికే అది విరుద్ధం. సొమ్ము సంస్థ చేతికి రావడానికి పదేళ్లయినా పట్టొచ్చు. ఎందరు దాతలతో మాట్లాడారు, సంస్థకు ఇస్తామని ఎందరు రాతపూర్వకంగా తెలిపారు అన్నదాని మీదే మీ పని మదింపు జరగాలని చేరేముందే అడగండి.